ఎవరి కోసం రాసిన కాగితం?

అమెరికాలో పూర్వీకుల్ని వెతుక్కోవడం చాలామందికి ఇష్టమైన వ్యాపకం. వర్జీనియా రాష్ట్రంలో ఆ ఆసక్తి ఇంకాస్త ఎక్కువ కనిపిస్తుంది. 1607లో ఇంగ్లీషువాళ్ళు జేమ్స్‌టౌన్‌లో దిగిన తర్వాత కొద్దికాలానికే ఇక్కడ కోర్టులూ, గుమాస్తాలూ, పన్నులూ మొదలయ్యాయి. కాబట్టి నాలుగు వందల ఏళ్ళ కాగితాలు ఎక్కడో ఒకచోట భద్రంగా ఉంటాయనీ, ఓపికుంటే చాలు, ముత్తాతల ముత్తాతలు కూడా దొరికిపోతారనీ కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు అనుకుంటారు. కొందరికి నిజంగానే దొరుకుతారు. ఎవరికి దొరుకుతారు, ఎవరికి దొరకరు అన్నదాంట్లో ఈ రాష్ట్రం చరిత్ర చాలావరకు ఉంది.

నేను రిచ్‌మండ్‌లో ఉంటాను. ఇక్కడి కాగితాల్లో నాకు వెతుక్కోవడానికి తాతముత్తాతలెవరూ లేరు. నాతో పనిచేసే ఒక నల్లజాతి స్నేహితురాలు వాళ్ళ అమ్మగారి వైపు మనుషుల్ని వెతకడం మొదలుపెట్టినప్పుడు, తోడుగా ఉంటానని లైబ్రరీ ఆఫ్ వర్జీనియాకి వెళ్ళాను. 1823లో పెట్టిన ఈ రాష్ట్ర గ్రంథాలయమే రాష్ట్రానికి పాత రికార్డుల భాండాగారం కూడా. ఎవరైనా వెళ్ళి ఉచితంగా చూసుకోవచ్చు. ఆవిడ పని ఒక కొలిక్కి వచ్చినా నాకు ఆ గదికి వెళ్ళే అలవాటు పోలేదు. అక్కడ నేర్చుకున్న సంగతులు కొన్ని చెప్తాను.

మొట్టమొదట తెలుసుకోవలసింది కౌంటీ. వర్జీనియాలో పెళ్ళి, వీలునామా, పొలం అమ్మకం, అప్పుల గొడవ, అన్నీ కౌంటీ కోర్టు గుమాస్తా దగ్గరే నమోదయ్యేవి. కానీ కౌంటీలు స్థిరంగా ఉండవు. లూయీసా కౌంటీ 1742లో హానోవర్ నుంచి విడిపోయింది. హానోవర్ అంతకుముందు న్యూకెంట్‌లో భాగం. న్యూకెంట్ 1654లో యార్క్ నుంచి చీలింది. అంటే ఒకే పొలంలో మూడు తరాలు బతికిన కుటుంబం కాగితాలు మూడు నాలుగు కోర్టుల్లో ఉండొచ్చు. మనుషులు కదల్లేదు, సరిహద్దులే కదిలాయి. 2022లో 13 జిల్లాలు 26 అయిన ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. కౌంటీల సంగతి అలా ఉంచి, రాష్ట్రమే చీలింది కూడా: 1792లో కెంటకీ, 1863లో వెస్ట్ వర్జీనియా విడిపోయాయి.

రెండోది నిప్పు. ఇక్కడ వంశచరిత్రలు వెతికేవాళ్ళ నోట తరచుగా వినపడే మాట ‘కాలిపోయిన కౌంటీలు’. 1787లో జాన్ ప్రైస్ పోజీ అనేవాడు న్యూకెంట్‌లో జైలునీ, గుమాస్తా కచేరీనీ తగలబెట్టించాడు. మరుసటేడు అతన్ని ఉరితీశారు గానీ కాగితాలు తిరిగి రాలేదు కదా! అంతర్యుద్ధంలో ఉత్తరాది సైన్యాలు వస్తున్నాయని భయపడి కొన్ని కౌంటీలు తమ పాత పుస్తకాల్ని భద్రంగా ఉంటాయని రాజధాని రిచ్‌మండ్‌కి పంపాయి. 1865 ఏప్రిల్‌లో దక్షిణాది సైన్యం నగరాన్ని వదిలి వెళ్తూ గిడ్డంగులకి నిప్పు పెట్టింది. ఆ మంట వ్యాపించి ఊళ్ళో వ్యాపారవీధులు కాలాయి, దాచమని పంపిన పుస్తకాలూ కాలాయి. కొన్ని కౌంటీల విషయంలో దాచకుండా ఊరికే వదిలేసినవి మిగిలి, జాగ్రత్తపడి పంపినవి పోయాయి.

దేశమంతటికీ చెందిన రికార్డులకీ ఇలాంటి కథే ఉంది. 1790లో జరిగిన మొదటి జనాభా లెక్కల్లో వర్జీనియా భాగం లేదు. 1800ది కూడా పోయింది. 1890 లెక్కలు 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదం పుణ్యమా అని చాలావరకు నాశనమయ్యాయి. ఈ ఖాళీల్ని కొంతవరకు పూడ్చేవి పన్ను పుస్తకాలు. 1782 నుంచి రాష్ట్రం భూమి మీదా, గుర్రాలూ పశువులూ బానిసల లాంటి ‘వ్యక్తిగత ఆస్తి’ మీదా పన్ను వేసింది. ఏటేటా పేర్లు రాసింది. ఒక కుర్రాడు పన్ను వయసుకి రావడం, ఒక మగవాడి పేరు పోయి మరుసటేడు అక్కడ భార్య పేరు రావడం, ఇలాంటివి వరసగా చూసుకుంటూ పోతే పుట్టుకలూ చావులూ ఊహించుకోవచ్చు. కోర్టు కాలిపోయినా పన్ను లెక్కల ప్రతి రాష్ట్రం దగ్గర విడిగా ఉండేది. డబ్బు రావలసిన చోట ప్రభుత్వాలు రెండు ప్రతులు పెట్టుకుంటాయి.

ఇక జనన మరణాలు. 1853లో రాష్ట్రమంతటా పుట్టుకలూ చావులూ రాయాలని చట్టం వచ్చింది. రాసేది ఎవరు? పన్ను లెక్క కోసం ఇంటింటికీ తిరిగే అధికారే. ఏడాదికోసారి వచ్చి, కిందటిసారి తర్వాత ఎవరు పుట్టారు, ఎవరు పోయారు అని అడిగి రాసుకునేవాడు. 1896లో అదీ ఆపేశారు. మళ్ళీ 1912 జూన్‌లో గానీ మొదలుపెట్టలేదు. ఆ మధ్య పుట్టినవాళ్ళ కోసం వెతికేవాళ్ళు చర్చి పుస్తకాలో, ఇంటి బైబిల్లో రాసుకున్న తేదీలో, సమాధి రాళ్ళో చూసుకోవాలి. పెళ్ళిళ్ళు మాత్రం కౌంటీల్లో ఆగకుండా నమోదయ్యాయి.

ఇంతవరకు చెప్పింది ఏ కుటుంబానికైనా వర్తించేది. కానీ నా స్నేహితురాలి పని వేరే రకంగా నడిచింది. ఆవిడ తన తాతల్ని ఒక్కొక్క జనాభా లెక్కలో వెనక్కి వెతుక్కుంటూ 1870 దాకా సులువుగానే వెళ్ళింది. మధ్య వర్జీనియాలో ఒక కౌంటీ. నలభై దాటిన భర్త, భార్య, నలుగురు పిల్లలు. అక్కడితో ఆగిపోయింది. ఇక్కడ దీన్ని ‘1870 గోడ’ అంటారు. దాసవిమోచన తర్వాత నల్లజాతివాళ్ళందర్నీ పేర్లతో లెక్కపెట్టిన మొదటి జనాభా లెక్క అది. 1850, 1860లలో బానిసలకి వేరే పట్టీలు ఉన్నాయి గానీ, వాటిల్లో పేరుండేది యజమానికి మాత్రమే. ఆ పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు. ‘35, ఆడ, నలుపు.’ ‘6, మగ, నలుపు.’ అంతే.

గోడ దాటడానికి ఆవిడకి దారి చూపించినవి 1866 నాటి పుస్తకాలు. బానిసల పెళ్ళికి వర్జీనియా చట్టంలో విలువ లేదు. 1866 ఫిబ్రవరి 27న శాసనసభ ఒక చట్టం చేసింది: బానిసత్వంలో ఉన్నప్పటి నుంచీ భార్యాభర్తలుగా కలిసి ఉంటున్నవాళ్ళందరూ దంపతులే, వాళ్ళ పిల్లలు సక్రమ సంతానమే అని. అప్పుడు ఫ్రీడ్‌మెన్స్ బ్యూరో అధికారులు కౌంటీల్లో అలాంటి జంటల పేర్లు రాశారు. భర్త పేరు, వయసు, పుట్టిన చోటు, వృత్తి, ఆఖరి యజమాని ఎవరు, భార్యకీ అవే వివరాలు, పిల్లల పేర్లూ వయసులూ, ఏ సంవత్సరం నుంచి కాపురం చేస్తున్నారు, అన్నీ ఒకే వరసలో ఉంటాయి. కొద్ది కౌంటీల పుస్తకాలే మిగిలాయి. ఆవిడ అదృష్టం కొద్దీ వాళ్ళ కౌంటీది ఉంది.

ఆ వరసలో ఆఖరి యజమాని పేరు చూశాక పని తీరే మారిపోయింది. అప్పటిదాకా తన ఇంటిపేరుతో వెతుకుతోంది. ఇప్పుడు ఆ యజమాని ఇంటిపేరుతో వెతకాలి. (ఈ రెండూ ఒకటే అయ్యుంటాయని చాలామంది అనుకుంటారు. చాలా కుటుంబాలకి కావు.) ఆ యజమాని ఎప్పుడు పోయాడు, వీలునామా రాశాడా, ఆస్తి ఎవరెవరు పంచుకున్నారు, ఎవరు కోర్టుకెక్కారు అన్నవి చూడాలి. వారసుల తగాదాలు చాన్సరీ కోర్టుకి వెళ్ళేవి. ఆ దావా కట్టల్లో సాక్షుల వాంగ్మూలాలూ, ఆస్తి జాబితాలూ ఉంటాయి. ఈ దావాల సూచికని లైబ్రరీ ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచి పెట్టింది. నల్లజాతివాళ్ళకి సంబంధించిన కాగితాల్ని ‘వర్జీనియా అన్‌టోల్డ్’ అనే పేరుతో విడిగా కూర్చి పెట్టింది.

ఒక దావాలో ఆ జాబితా దొరికింది. మంచాలు, నాగళ్ళు, ఎడ్ల జత, పొగాకు, వాటి మధ్య మనుషులు. ఒక్కొక్క పేరుకి ఎదురుగా డాలర్లలో ఒక అంకె. తర్వాతి పేజీలో పంపకం. ఒక కొడుకు వాటాలో తల్లీ, చంటిబిడ్డా. ఒక కూతురి వాటాలో తొమ్మిదేళ్ళ ఆడపిల్ల. ఆ తల్లి పేరూ, చంటిబిడ్డ పేరూ 1866 పుస్తకంలో ఉన్నాయి. తొమ్మిదేళ్ళ పిల్ల పేరు అందులో లేదు. ఆ పేర్లు ఇక్కడ రాయను. అవి వాళ్ళింటివి.

ఆవిడ ఆ రోజు ఎక్కువ మాట్లాడలేదు. కాపీ తీసుకుని, ‘దీన్ని మా అమ్మకి ఎలా చూపించను?’ అని మాత్రం అంది. వాళ్ళమ్మగారికి ఎనభై దాటాయి. ఆఖరికి ముందు పెళ్ళిళ్ళ పుస్తకం పేజీ చూపించింది. ఆ తర్వాత ఇంకో వారానికి ఈ జాబితా. పెద్దావిడ ఆ అంకెల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని పేర్లు మాత్రం చదివిందట. తొమ్మిదేళ్ళ పిల్ల పేరు దగ్గర ఆగి, ‘ఇది మా మేనత్త పేరు, ఆవిడకి వాళ్ళ నానమ్మ పెట్టింది’ అందట. వేరే ఇంటికి పంచేసిన పిల్లని ఆ ఇంట్లోవాళ్ళు మర్చిపోలేదు. తరం తర్వాత తరం ఒక ఆడపిల్లకి ఆ పేరు పెట్టుకుంటూ వచ్చారు. ఎందుకు పెడుతున్నారో చెప్పడం మధ్యలో ఎక్కడో ఆగిపోయింది గానీ, పేరు ఆగలేదు.

ఆ గదిలో కాగితం చేతికొచ్చిన ప్రతిసారీ నేను అడుక్కునే ప్రశ్న అప్పుడే మొదలైంది: దీన్ని ఎవరి కోసం రాశారు? ఆ జాబితా రాసింది వారసులకి తేడా రాకుండా ఉండటానికి. 1853 తర్వాతి జనన పుస్తకాల్లో బానిస పిల్లలు కూడా ఉన్నారు, యజమాని చెప్పగా రాసుకున్నవి. తల్లి పేరు కొన్నిసార్లు ఉంటుంది. తండ్రి పేరు సాధారణంగా ఉండదు, ఎందుకంటే ఆ లెక్కకి తండ్రితో పని లేదు. తల్లి స్థితే బిడ్డ స్థితి అని 1662లోనే చట్టం చేశారు. తల్లి బానిస అయితే బిడ్డ బానిసే.

ఆ చట్టాన్నే పట్టుకుని కొందరు బయటపడ్డారు కూడా. తల్లి వైపు అమ్మమ్మల్లో ఎవరైనా స్వేచ్ఛగా పుట్టిన ఆడమనిషి ఉందని చూపించగలిగితే మనవరాళ్ళు స్వేచ్ఛ కోరుతూ దావా వెయ్యచ్చు. 1806లో రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానంలో తేలిన హడ్జిన్స్, రైట్‌ల కేసు అలాంటిదే. తమ అమ్మమ్మలు ఇండియన్లని, అంటే ఈ నేల మూలవాసులని, రైట్ కుటుంబం వాదించింది. ఒక పూర్వీకురాలికి పొడుగాటి నల్లని జుట్టు ఉండేదని సాక్షులు గుర్తుచేసుకుని చెప్పారు. వాళ్ళు గెలిచారు. తాతమ్మ కథ ఇంట్లో చెప్పుకోవడం ఆ కుటుంబానికి కాలక్షేపం కాదు, ప్రాణాధారం.

స్వేచ్ఛ ఉన్నా కాగితం తప్పేది కాదు. 1793 చట్టం ప్రకారం స్వేచ్ఛగా ఉన్న నల్లవాళ్ళు కోర్టులో పేరు రాయించుకోవాలి. గుమాస్తా వాళ్ళ ఎత్తు, రంగు, ఏ చేతి మీద మచ్చ, ఏ కనుబొమ మీద కాలిన గాయం, అన్నీ రాసేవాడు. 1806 మే 1 తర్వాత విడుదలైనవాళ్ళు పన్నెండు నెలల్లో రాష్ట్రం విడిచిపోవాలని ఇంకో చట్టం. భార్యాబిడ్డలు ఇక్కడే బానిసలుగా ఉంటే ఎక్కడికి పోతారు? ‘నన్ను ఉండనివ్వండి’ అని శాసనసభకీ కోర్టులకీ పెట్టుకున్న అర్జీలు ఎన్నో మిగిలాయి. తెల్లరైతుల ముఖాలు ఎలా ఉండేవో వాళ్ళ వారసులకి తెలియదు. వీళ్ళ మనవల మనవలకి మాత్రం తాత ఎడమ మణికట్టు మీద మచ్చ ఉందని తెలుస్తుంది. నిఘా కోసం రాసిన పుస్తకం ఇప్పుడు ఫొటోలాగా పనికొస్తోంది.

మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా అని ఈ పుస్తకాల్లో చూడకుండా ఉండలేకపోయాను. ఉన్నారు. ఎవరినైనా తన ఖర్చుతో కాలనీకి తెచ్చినవాడికి తలకి 50 ఎకరాల చొప్పున భూమి ఇచ్చేవాళ్ళు. 1635లో జార్జ్ మెనిఫీ అనే ఆయన అలా భూమి కోసం ఇచ్చిన పేర్ల పట్టీలో ‘టోనీ, ఈస్ట్ ఇండియన్’ అని ఒక పేరుంది. 1776లో వర్జీనియా గెజిట్‌లో పారిపోయిన నౌకరు గురించి వేసిన ఒక ప్రకటనలో జాన్ న్యూటన్ అనే యువకుడు పుట్టుకతో ఆసియా ఇండియన్ అనీ, పదేళ్ళు ఇంగ్లండులో ఉన్నాడనీ రాశారు. ఇంగ్లీషు కంపెనీ 1611 నుంచే మచిలీపట్నంలో వర్తకం చేస్తోంది కాబట్టి టోనీ మనవాడేమో అని తెలుగువాళ్ళకి ఆశ పుడుతుంది. కాగితం ఆ ఆశకి అవుననీ అనదు, కాదనీ అనదు. మెనిఫీకి కావలసింది 50 ఎకరాలు. దానికి ఒక తల చాలు, ఊరి పేరు అక్కర్లేదు. ఇలాంటివాళ్ళు ఇక్కడ పెళ్ళిళ్ళు చేసుకుని పిల్లల్ని కంటే ఆ పిల్లలు గుమాస్తాల పుస్తకాల్లో ‘ములాటో’లో ‘రంగుజాతి’వాళ్ళో అయిపోయేవారు. తెలుపు, రంగు అని రెండే గళ్ళున్న పుస్తకంలో వాళ్ళకి ఇంకో చోటు లేదు.

ఈ రెండు గళ్ళతో అన్నిటికంటే ఎక్కువ నష్టపోయింది వర్జీనియా మూలవాసులు. 1912లో జనన మరణాల నమోదు మళ్ళీ మొదలైనప్పుడు ఆ శాఖకి వాల్టర్ ప్లెకర్ అనే వైద్యుడు రిజిస్ట్రార్ అయ్యాడు. 1946 దాకా ఆయనే ఉన్నాడు. 1924లో రాష్ట్రం ‘జాతి స్వచ్ఛత’ చట్టం చేసింది. ఒక్క చుక్క వేరే రక్తం ఉన్నా తెల్లవాళ్ళు కారు, తెల్లవాళ్ళు ఇతరుల్ని పెళ్ళాడకూడదు. పదహారో వంతు దాకా ఇండియన్ రక్తానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు, పోకాహాంటస్ వంశం వాళ్ళమని గర్వంగా చెప్పుకునే పెద్ద కుటుంబాలు ఇబ్బంది పడకూడదని. ఇక వర్జీనియాలో అసలు ఇండియన్లే మిగల్లేదు, అలా చెప్పుకునేవాళ్ళంతా నల్లవాళ్ళే అని ప్లెకర్ నమ్మకం. దానికి ఆయన చూపించిన రుజువు ఏమిటనుకున్నారు? 1853 నుంచి 1896 దాకా పన్ను అధికారులు రాసిన ఆ జనన పుస్తకాలే. అందులో ఈ కుటుంబాల పక్కన ‘రంగుజాతి’ అని ఉంది కదా అని. ‘ఇండియన్’ అని రాసి వచ్చిన ధ్రువపత్రాల వెనక ఇది నిజం కాదని టైపు కొట్టించాడు. 1943లో కౌంటీలవారీగా ఇంటిపేర్ల జాబితా తయారుచేసి, ఈ పేర్లవాళ్ళతో జాగ్రత్త అని గుమాస్తాలకీ వైద్యులకీ పంపించాడు. అంటే ఆయన చేసిందీ వంశచరిత్ర పరిశోధనే. చాలా శ్రద్ధగా చేశాడు కూడా.

కాగితానికి ఉన్న బలం ఎంతో 1958లో మరోసారి కనిపించింది. కెరొలైన్ కౌంటీకి చెందిన రిచర్డ్, మిల్‌డ్రెడ్ లవింగ్‌లు వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకుని వచ్చారు. పెళ్ళి లైసెన్సులో ఆమె జాతి ‘ఇండియన్’ అని ఉంది. అర్ధరాత్రి షెరీఫ్ వచ్చినప్పుడు పెళ్ళి పత్రం పడగ్గది గోడకి తగిలించి ఉంది. అది ఇక్కడ చెల్లదన్నాడు. 1967 జూన్ 12న అమెరికా సుప్రీంకోర్టు అలాంటి చట్టాలన్నిటినీ కొట్టేసింది.

చట్టం పోయినా ప్లెకర్ మార్చిన పత్రాలు మాత్రం అలాగే ఉన్నాయి. తెగలకి కేంద్ర ప్రభుత్వం గుర్తింపు కావాలంటే, మధ్యలో తెగిపోకుండా ఒక సముదాయంగా ఉన్నామని కాగితాలతో చూపించాలి. ఆ కాగితాల్నే ప్రభుత్వం మార్చేసింది. ‘కాగితాలతో చేసిన జాతిహననం’ అని వాళ్ళు అనేది అందుకే. 1997లో రాష్ట్రం ధ్రువపత్రాల్ని ఉచితంగా సరిదిద్దుకోవచ్చని చట్టం చేసింది. పమంకీ తెగకి 2015లో గుర్తింపు వచ్చింది. మరో ఆరు తెగలకి 2018 జనవరిలో కాంగ్రెస్ చేసిన చట్టంతో వచ్చింది. జేమ్స్‌టౌన్‌లో దిగినవాళ్ళకి ఎదురొచ్చిన మనుషుల వారసులకి, తాము ఉన్నామని ఒప్పించడానికి నాలుగు వందల ఏళ్ళు దాటింది.

అందుకని వర్జీనియాలో వెతకడం మొదలుపెట్టేవాళ్ళెవరైనా అడిగితే నేను ముందు కౌంటీల పటం చూడమంటాను, తర్వాత ఇంట్లో పెద్దవాళ్ళని కూర్చోబెట్టి పేర్లు అడగమంటాను. పేర్లు ఎవరి పేరు మీదుగా వచ్చాయో కూడా రాసుకోమంటాను. ఆ తర్వాతే పుస్తకాలు. ఒక గడిలో ఉన్నదాన్ని నమ్మేముందు ఆ గడి ఎవరు గీశారో, అందులో రాయడానికి ఇంకే మాటలు అందుబాటులో ఉన్నాయో చూడాలి. మనిషి తన పేరు కింద దొరక్కపోతే, ఆ మనిషి వల్ల లాభపడ్డవాళ్ళ పేరు కింద చూడాలి.

ఇక్కడి తెలుగువాళ్ళం కూడా ఇప్పుడు ఈ గళ్ళలోకి ఎక్కుతున్నాం. ఇంటిపేరు ముందుండే మన పద్ధతి అమెరికా దరఖాస్తులో తలకిందులవుతుంది. తండ్రికి ‘లాస్ట్ నేమ్’ అయినది కొడుక్కి కాకపోవచ్చు. పాస్‌పోర్టులో ఒకటే పేరున్నవాళ్ళకి వీసా మీద ‘ఎఫ్.ఎన్.యు’ అని పడి, అదే పేరుగా డ్రైవింగ్ లైసెన్సుకి పాకుతుంది. వర్జీనియాలో జనన ధ్రువపత్రాలు నూరేళ్ళ తర్వాత గానీ అందరికీ తెరవరు. ఈ ఏడాది రిచ్‌మండ్‌లో పుట్టిన తెలుగు పిల్ల కాగితాన్ని వచ్చే శతాబ్దంలో ఎవరో తెరుస్తారు. అందులో తల్లిదండ్రుల పేర్లుంటాయి, తేదీ ఉంటుంది. ఆ పిల్లకి ఎవరి పేరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఉండదు. అది మనం ఇంట్లో చెప్పుకోవలసిందే.